మూడు కిలోల మెడకి రిమోట్ కాలర్

(విశాఖపట్నంలో చిన్న జాతి కుక్కలు పెంచుకునేవాళ్లు ఒక ఆదివారం పొద్దున కలిసినప్పుడు ఓ పశువైద్యుడు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి. ఒళ్లో పెట్టుకున్నవాళ్లు కింద వదలకండి, వెనక వరసలో రెండు మగ పమేరియన్లు ఇప్పటికే చూపులతో పోట్లాడుకుంటున్నాయి.

మాట మొదలెట్టే ముందు ఒక తూకం వేద్దాం. ఇది మా వంటింటి త్రాసు. మా ఆవిడకి చెప్పకుండా తెచ్చాను, మీరూ చెప్పకండి. ఇదేమో ముందు వరసలో ఉన్న అమ్మగారు మొన్న ఆన్‌లైన్లో తెప్పించుకున్న రిమోట్ కాలర్. అంటే కుక్క మెడకి కట్టే పట్టీ, మన చేతిలో రిమోట్ నొక్కితే బీప్, వైబ్రేషన్, షాక్ ఇస్తుంది. పెట్టె మీద అన్ని సైజుల కుక్కలకీ పనికొస్తుందని రాసుంది. పెడుతున్నాను. ఎంతండీ? పైకి చదవండి. 72 గ్రాములు. ఇప్పుడు అమ్మగారి కుక్క చిట్టిని ఈ బుట్టలో కూర్చోబెడదాం. రా తల్లీ, రా. ఏం చెయ్యనులే. బుట్ట బరువు తీసేస్తే 2 కిలోల 800.

ఇప్పుడు లెక్క కడదాం. ఈ 72 గ్రాములు చిట్టి ఒంటి బరువులో వందకి రెండున్నర వంతు. నేను 70 కిలోలుంటాను. అదే వంతున నా మెడకి కట్టాలంటే 1 కిలో 800 గ్రాములు కట్టాలి. దాదాపు రెండు కిలోల బియ్యం సంచి. దాన్ని మెడకి బిగించుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా తిరగమంటే తిరుగుతానా? అదే కాలర్ని 30 కిలోల లాబ్రడార్‌కి పెట్టండి. వందకి పావు వంతు కూడా ఉండదు. నా లెక్కలోకి తెస్తే 170 గ్రాములు, ఒక సెల్‌ఫోనంత. దాని మెడ మీద అది ఉందనే సంగతే దానికి పట్టదు. వస్తువు ఒకటే. మెడ మారింది, అంతే. ఇవాళ నేను చెప్పేదంతా ఈ మెడ గురించే.

ఈ కాలర్లు ఎక్కడ పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1960లలో అమెరికాలో వేటకుక్కల కోసం పుట్టాయి. యజమాని ఇక్కడ, కుక్క అక్కడెక్కడో పొదల్లో, జింక వెనకాలో కుందేలు వెనకాలో. పిలిస్తే వినపడదు. లావాటి మెడ, మొరటు తోలు, ఇరవై ముప్పై కిలోల జంతువు. దాని కోసం చేసిన పనిముట్టు ఇది. మనం దాన్ని ఎక్కడ వాడుతున్నాం? హాల్లోంచి బాల్కనీదాకా. మధ్యలో దూరం పన్నెండు అడుగులు. పన్నెండు అడుగుల దూరంలో ఉన్న చిట్టిని పిలవడానికి అర కిలోమీటరు అందుకునే రిమోట్ ఎందుకండీ మనకి?

నా అభిప్రాయం దాచుకోను, ముందే చెప్పేస్తాను. మూడు కిలోల కుక్కకి షాక్ బటన్ వద్దు. నేను వాడమని ఎవరికీ చెప్పను. కానీ ఈ సమావేశం పెట్టినవాళ్లు నాకిచ్చిన అంశం "సురక్షితంగా వాడటం ఎలా" అని. దాన్నుంచి తప్పించుకోను. ఎందుకంటే నేను వద్దన్నంత మాత్రాన మీరు మానరు. నవ్వకండి, నాకు తెలుసు. మా క్లినిక్కి వచ్చేవాళ్లలో సగంమంది కాలర్ తీసి సంచిలో దాచుకుని లోపలికొస్తారు. నేను బొచ్చు విడదీసి చూస్తే మెడ మీద రెండు గుంటలు. కుక్క అబద్ధం చెప్పదు కదా.

ఒక చిన్న మాట. మన ఇళ్లలో పమేరియన్ అని పిలుచుకునే తెల్ల కుక్కలు చాలామట్టుకు పమేరియన్లు కావు, ఇండియన్ స్పిట్జ్. ఐదారు కిలోలుంటాయి. అసలైన పమేరియన్ మూడు కిలోలు దాటడమే గగనం. చివావా కూడా అంతే, మూడు కిలోల లోపే. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, కాస్త పేరున్న కంపెనీల పెట్టెల మీద చిన్న అక్షరాల్లో కనీస బరువు రాసుంటుంది. చాలావాటి మీద 8 పౌండ్లని కనిపిస్తుంది, అంటే 3 కిలోల 600. మీ స్పిట్జ్ అది దాటుతుంది. మీ చిట్టి దాటదు. పెట్టె మీద బరువే రాయలేదనుకోండి, అన్ని సైజులకీ అని రాశారనుకోండి, దాన్ని అక్కడే వదిలేయండి. అమ్మా, మిమ్మల్ని కాదు. సరే, మిమ్మల్నే.

ఇప్పుడు మెడ లోపలికి వెళదాం. మీ గొంతు మీద వేలు పెట్టి చూసుకోండి. ఉంగరాల్లాగా గట్టిగా తగులుతోందా? అది గాలిగొట్టం. కుక్కకీ అంతే, మృదులాస్థి ఉంగరాలు. పూర్తి ఉంగరాలు కావు, ఒక పక్క తెరిచి ఉంటాయి, ఆ పక్కన పల్చటి పొర. చిన్న జాతుల్లో, ముఖ్యంగా పమేరియన్, యార్కీ, చివావా, టాయ్ పూడుల్, ఈ ఉంగరాలు వయసు పెరిగేకొద్దీ మెత్తబడి చదునైపోయే జబ్బు ఒకటుంది. అప్పుడు దగ్గు ఎలా వస్తుందంటే, బాతు అరిచినట్టు వస్తుంది. పట్టుకుని లాగినా, ఉద్రేకపడినా, నీళ్లు తాగినా. "డాక్టరుగారూ, గొంతులో ఎముక ఇరుక్కుంది" అంటూ వస్తారు. ఎముకా లేదు, ఏమీ లేదు. గొట్టం నలుగుతోంది. ఇలాంటి కుక్కకి మామూలు పట్టీ కూడా వద్దని, ఛాతీకి వేసే హార్నెస్ వాడమని చెబుతాం. పట్టీయే వద్దన్నచోట పట్టీతోపాటు ఒక డబ్బా, రెండు పిన్నులు కూడానా?

పగ్ వాళ్లు, షిట్జు వాళ్లు, మీకింకోటి. మీ కుక్క కళ్లు చూడండి, ఎంత బయటికి ఉంటాయో. మెడ మీద ఒత్తిడి పెడితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. హార్నెస్‌కి పెరగదు. కొలిచి చూసిన సంగతే ఇది.

అసలు చిక్కు బిగింపు దగ్గరుంది. ఇది కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఇక్కడ అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. ఈ డబ్బా అడుగున రెండు లోహపు పిన్నులున్నాయి చూశారా. రెండూ చర్మానికి ఆనితేనే కరెంటు ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళుతుంది. లాబ్రడార్ మెడ వెడల్పు, చదును. రెండూ చక్కగా ఆనుతాయి. చిట్టి మెడ? నా మణికట్టంత. గుండ్రంగా ఉన్నదాని మీద చదునైన డబ్బా పెడితే ఏమవుతుంది? ఊగుతుంది. ఒక పిన్ను ఆనుతుంది, ఒకటి లేస్తుంది. మీరు బటన్ నొక్కుతారు. కుక్కకేమీ తెలియదు. ఏం చేస్తారు? రిమోట్ మీద షాక్ తీవ్రత చూపే అంకె పెంచుతారు. 10 పెట్టారు, ఏమీ లేదు. 20. ఏమీ లేదు. 35. అంతలో చిట్టి తల తిప్పింది. తిప్పేసరికి రెండు పిన్నులూ పూర్తిగా ఆనాయి. 35 మొత్తం ఒక్కసారి మూడు కిలోల ఒంటికి తగిలింది. కెవ్వుమంది. మీరేమనుకున్నారు? "హమ్మయ్య, 35 దగ్గర పనిచేస్తోంది" అనుకున్నారు.

అంకె పనిచెయ్యలేదండీ. పిన్ను ఆనలేదు. నాకు తెలిసి చిన్న కుక్కల మీద జరిగే పొరపాట్లలో మొదటిది ఇదే.

ఇంకొందరు తెలివిగా, పిన్ను ఆనడం లేదని గ్రహించి పట్టీ బిగిస్తారు. ఒక చిల్లు, రెండు చిల్లులు. ఇప్పుడు ఆనింది. దాంతోపాటు గాలిగొట్టం కూడా నొక్కుకుంది. వదులైతే ఒక ప్రమాదం, బిగిస్తే ఇంకో ప్రమాదం. పెద్ద కుక్కకి ఈ రెంటి మధ్యా చోటుంటుంది. చిన్నదానికి ఉండదు. పైగా ఈ డబ్బా బరువుకి మెల్లగా జారి గొంతు కిందకి, సరిగ్గా గాలిగొట్టం మీదకి వస్తుంది. మీరు డబ్బాని మెడ పక్కకి ఉండేలా పెట్టి వెళతారు, గంట తర్వాత చూస్తే కింద వేలాడుతుంటుంది.

సరే, ఐదారు కిలోల స్పిట్జ్ ఉంది, వాడతాను, నీ మాట వినను అనేవాళ్లకి. పట్టీ మెడ పైభాగంలో, చెవుల వెనక దాకా రావాలి. డబ్బా పక్కకి ఉండాలి, గొంతు మీద ఎప్పుడూ వద్దు. పిన్నుకీ చర్మానికీ మధ్య మీ చిటికెన వేలు దూరాలి. బొచ్చు దట్టంగా ఉంటే ఆ చోట పల్చగా కత్తిరించండి, గీకెయ్యకండి. గీకితే దురద, పుండు. ఈ పట్టీకి తాడు కట్టొద్దు, ఎప్పుడూ కట్టొద్దు. తాడు లాగితే పిన్నులు మెడలో దిగుతాయి. తాడు వేరు, హార్నెస్‌కి. ఇంకోటి, రాత్రి తీసెయ్యాలి. కంపెనీ పుస్తకాల్లో ఎనిమిది గంటలదాకా, కొన్నింటిలో పన్నెండు గంటలదాకా ఉంచొచ్చని, గంటా రెండు గంటలకోసారి చోటు మార్చమని రాస్తారు. చిన్న కుక్కకి నేను రెండు గంటలు మించి ఒప్పుకోను, అదీ మీ కళ్ల ముందు.

ఎందుకో చెప్పనా? ఒక పమేరియన్‌ని తీసుకొచ్చారు. పాపం, వాళ్లు మంచివాళ్లే, కుక్కంటే ప్రాణం. "వాసనొస్తోంది డాక్టరుగారూ, స్నానం చేయించినా పోవడం లేదు" అన్నారు. బొచ్చు విడదీశాను. రెండు గుంటలు, చీము. ఆ తల్లి ఏడ్చేసింది, "కాలిపోయిందా, షాక్‌కి కాలిపోయిందా" అని. కాలలేదమ్మా. ఆ కాలర్ షాక్ బటన్ వాళ్లు నొక్కనేలేదట, బీప్ మాత్రమే వాడారట. నేను నమ్మాను. ఎందుకంటే అవి కాలిన గాయాలు కావు, ఒత్తిడి పుండ్లు. మంచాన పడ్డ ముసలివాళ్లకి వీపు మీద పడతాయే, అవి. ఒకేచోట గంటలతరబడి నొక్కి ఉంచితే ఆ చర్మానికి రక్తం అందదు, అది చచ్చిపోతుంది. కుక్క పైచర్మం మనకన్నా పల్చన. దానికితోడు మన విశాఖ గాలి. ఏప్రిల్లో మీరు చొక్కా మార్చుకున్న పది నిమిషాలకే తడిసిపోతుందా లేదా? ఆ బొచ్చు లోపల, ఆ పట్టీ కింద ఎలా ఉంటుందో ఆలోచించండి. బీప్ మాత్రమే వాడుతున్నాం అనుకునేవాళ్లకి కూడా ఈ పుండ్లు వస్తాయి. బటన్‌తో సంబంధం లేదు, గడియారంతో సంబంధం.

రోజూ కాలర్ తీశాక వేళ్లతో మెడంతా తడమండి. ఎర్రగా ఉన్నా, వెంట్రుక ఊడినా, పూర్తిగా మానేదాకా మళ్లీ పెట్టకండి. పిన్నుల్ని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. బీచికి తీసుకెళ్లేవాళ్లున్నారు కదా ఇక్కడ? చేతులెత్తండి. ఆ, చాలామందే. బీచిలో ఈ కాలర్ వద్దు. తడిసిన బొచ్చులోంచి, అందునా ఉప్పునీళ్లలోంచి, కరెంటు ఎలా వెళుతుందో ఇంట్లో పొడిగా ఉన్నప్పుడు పెట్టుకున్న అంకె మీకు చెప్పదు. అలాగే ఛార్జింగ్ పెట్టేటప్పుడు మెడకి ఉంచి పెట్టకండి. నవ్వుతున్నారు గానీ, అలా చేసినవాళ్లున్నారు, "నిద్రపోతోంది కదా సార్, కదలదు కదా" అని.

అంకెల గురించి ఒక మాట. ఒక కంపెనీ 10కీ ఇంకో కంపెనీ 10కీ చుట్టరికం లేదు. ఒకదానిలో 8 మెట్లుంటాయి, ఒకదానిలో 100, ఇంకోదానిలో 127. పక్కింటాయన "మావాడికి 15 పెడతాం" అంటే అది మీకు పనికిరాని సమాచారం. ముందు మీ చేతి మీద పెట్టుకుని చూడండి. మణికట్టు లోపలివైపు. కానీ అక్కడితో ధైర్యపడకండి, మీ చెయ్యి దాని మెడ కాదు. ఇంటికొచ్చే ట్రైనర్ ఎవరైనా "ఏం కాదు సార్, గిలిగింతలు పెట్టినట్టుంటుంది" అంటే, రిమోట్ మీరు తీసుకుని కాలర్ ఆయన చేతికివ్వండి. ఆయన మొహం చూస్తే చాలు.

వాడే అతితక్కువ మెట్టు ఏది? చెవి కదిలితే, వాసన చూడ్డం ఒక్క క్షణం ఆపితే, "ఏంటిది" అన్నట్టు పక్కకి చూస్తే, అదీ. అక్కడే ఆగాలి. అరిచిందా, తల విదిలించిందా, తోక కాళ్ల మధ్యకి వెళ్లిందా, మీరు దాటేశారు. "అరిచింది, అంటే పనిచేస్తోంది" అనుకునేవాళ్లకి దయచేసి కాలర్ ఇవ్వకండి.

ఇక మెడ వదిలేసి తలలోకి వెళదాం. కుక్క ఏమనుకుంటుంది? అది మొరిగినందుకు శిక్ష అని మనం అనుకుంటాం. కుక్క అలా అనుకుంటుందని మీకెవరు చెప్పారు? దానికి బటన్ తెలియదు, రిమోట్ తెలియదు. నొప్పి వచ్చిన క్షణంలో కంటికేం కనబడితే దానికి ముడిపెట్టుకుంటుంది.

నేను చూసిన సంగతే చెబుతాను. ఒక అపార్ట్‌మెంట్లో చివావా. లిఫ్టు ఆగిన చప్పుడు వింటే చాలు, మొరుగుడు. అసోసియేషన్ వాళ్లు నోటీసు మీద నోటీసు. ఇంటాయన రిమోట్ కాలర్ తెచ్చాడు. లిఫ్టు ఆగడం, ఇది మొరగడం, ఆయన నొక్కడం. నాలుగు రోజుల్లో మొరుగుడు తగ్గింది. ఆయన సంతోషించాడు, నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. నెల తిరక్కుండా ఎదురింటి ఏడేళ్ల పిల్లాణ్ని కరిచింది. అంతకుముందు వాడి ఒళ్లో పడుకునే కుక్కది. ఎందుకు కరిచింది? లిఫ్టులోంచి రోజూ నాలుగింటికి దిగేది ఎవరు? ఆ పిల్లాడే, స్కూలునించి. లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది, పిల్లాడు కనబడతాడు, మెడలో చురుక్కుమంటుంది. కుక్క లెక్క తప్పా? దాని చోట మీరుంటే ఇంకోలా లెక్క కడతారా? మొరగడమంటే "దగ్గరికి రాకు" అని చెప్పడం. ఆ చెప్పడం మాన్పించాం. అది చెప్పకుండానే కరిచింది.

అందుకని ముందే భయపడి మొరిగే కుక్కకి, కరిచే కుక్కకి ఇది అస్సలు వద్దు. ఆరు నెలలు నిండని పిల్లకి వద్దు. దగ్గున్నదానికి వద్దు, మూర్ఛ వచ్చేదానికి వద్దు, చూలుతో ఉన్నదానికి వద్దు. ఎనిమిది తొమ్మిదేళ్లు దాటిన చిన్న కుక్కల్లో గుండె కవాటం జబ్బు చాలా ఎక్కువ, బయటికి తెలియదు. ఒక్కసారి గుండె వినిపించుకుని వెళ్లండి.

"ఇప్పుడు బుద్ధిగా ఉంటోంది సార్, ఓ మూల పడుకుంటోంది" అంటారు కొందరు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది. 1967లో అమెరికాలో సెలిగ్మన్, మయర్ అని ఇద్దరు కుక్కల మీద చేసిన ప్రయోగం మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లకి తెలుసు. తప్పించుకునే వీల్లేకుండా షాకులు తిన్న కుక్కల్ని తర్వాత, గెంతితే తప్పించుకోగలిగే చోట పెట్టారు. చాలా కుక్కలు గెంతలేదు. పడుకుని భరించాయి. ఏం చేసినా ఒకటేనని నేర్చుకున్నాయి. మూల పడుకున్న కుక్క బుద్ధి నేర్చుకుందా, ఆశ వదిలేసుకుందా? తోక చూడండి. పేరు పెట్టి పిలిస్తే లేచి వస్తుందా చూడండి. తేడా తెలిసిపోతుంది.

ఎవరో అడుగుతున్నారు, మంచి ట్రైనర్ చేతిలో అయితే? మంచి ప్రశ్న. ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. 63 పెంపుడు కుక్కలు, మూడు గుంపులు. ఒక గుంపుకి కాలర్‌తో నేర్పిన ట్రైనర్లని ఎవరు ఎంపిక చేశారనుకున్నారు? కాలర్ల తయారీదార్ల సంఘమే. అంటే ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్లన్నమాట. చివరికి చూస్తే, తిండి పెట్టి మెచ్చుకుని నేర్పిన కుక్కలకన్నా కాలర్ కుక్కలు ఎక్కువేమీ నేర్చుకోలేదు. ఒత్తిడి గుర్తులు మాత్రం కాలర్ గుంపులో కనబడ్డాయి. చెయ్యి తిరిగినవాళ్లకే లాభం లేకపోతే, ఒక చేత్తో కాఫీ కప్పు పట్టుకుని ఇంకో చేత్తో నొక్కే మనకి?

రిమోట్ సంగతొకటి చెప్పాలి. మన ఇళ్లలో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? ఎవరి చేతిలోనైనా. టీవీ రిమోట్ పక్కన, ఏసీ రిమోట్ పక్కన ఇదీ సోఫాలో పడుంటుంది. మనవడు వస్తాడు. నొక్కుతాడు. కుక్క గెంతుతుంది. వాడికి సరదా, మళ్లీ నొక్కుతాడు. కూర్చుంటే జేబులో నొక్కుకుపోతుంది. రెండు కుక్కలుంటే ఒకటో నంబరు బదులు రెండో నంబరు నొక్కుతారు, తప్పు చేసిందొకటి, తిన్నదొకటి. రిమోట్ ఒక్కరి దగ్గరే ఉండాలి, మెడకి తాడు కట్టి వేసుకోవాలి, పని అయ్యాక బీరువాలో పెట్టాలి. అంత ఓపిక లేకపోతే, ఆ ఓపిక లేదన్నదే మీకు జవాబు.

చట్టం గురించి రెండు మాటలు. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఈ షాక్ కాలర్లని 2010లోనే నిషేధించారు. మన దగ్గర ఈ కాలర్ పేరు పెట్టి నిషేధం లేదు, కానీ 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది, అనవసరమైన నొప్పి కలిగించడం నేరమే. జరిమానా ఎంతో తెలుసా? మొదటిసారికి 10 రూపాయల నుంచి 50 రూపాయలు. బీచి రోడ్డులో ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు వస్తాయో రావో. అలాగే అసోసియేషన్ నోటీసులకి మరీ బెదిరిపోకండి. కుక్కని పెంచుకోవద్దని తీర్మానం చేసే అధికారం వాళ్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ భయంతోనే సగంమంది ఈ కాలర్లు కొంటున్నారు.

ఇప్పుడు మంచి మాట చెబుతాను, ఇంతసేపూ వద్దు వద్దు అన్నాను కదా. ఈ వస్తువు ఒక్క చోట నిజంగా పనికొస్తుంది. చెవిటి కుక్కకి. పన్నెండేళ్ల ఆడ స్పిట్జ్, మా క్లినిక్కి వచ్చేదే, పేరు బూరెలు. అవునండీ, బూరెలు, వాళ్ల ఇష్టం. చెవులు పూర్తిగా పోయాయి. నిద్రలో ఉంటే ముట్టుకోగానే ఉలిక్కిపడి కరవబోయేది. వాళ్లమ్మగారు పిలిచి పిలిచి ఏడ్చేది, "నా గొంతు మర్చిపోయింది డాక్టరుగారూ" అని. వాళ్ల చేత వైబ్రేషన్ మాత్రమే ఉన్న కాలర్ తెప్పించాను. షాక్ పిన్నులే లేని రకం. ఉన్న రకం కొని వాడకుండా ఉంటామంటే నేను నమ్మను, బటన్ ఉంటే వేలు దాని మీదకి పోతుంది.

ఎలా నేర్పామో చెబుతాను, రాసుకోండి. మొదటి నాలుగు రోజులు కాలర్ ఆన్ చెయ్యనే లేదు. పెట్టడం, తిండి పెట్టడం, తియ్యడం. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. తర్వాత కాలర్ మెడకి కాదు, బల్ల మీద పెట్టి వైబ్రేషన్ నొక్కడం, బూరెలు దాని దగ్గరికొచ్చి మూతి ఆనించి చూడ్డం, చికెన్ ముక్క. ఆ తర్వాత చేతిలో పట్టుకుని దాని భుజానికి ఆనించి నొక్కడం, చికెన్ ముక్క. భయపడకపోతేనే మెడకి. మెడకి పెట్టాక బర్రుమనగానే చికెన్, బర్రుమనగానే చికెన్. ఒక్క క్షణం కంటే ఎక్కువ నొక్కకూడదు. ఒక పూటకి ఎనిమిది, పది సార్లు, అంతే, ఆపెయ్యాలి. వారం తిరిగేసరికి బర్రుమంటే చాలు, తల తిప్పి అమ్మగారి మొహం చూడ్డం మొదలెట్టింది. చూడగానే చేత్తో రమ్మని సైగ. వచ్చాక చికెన్. ఇప్పుడు వంటింట్లోంచి నొక్కితే బెడ్‌రూంలోంచి వస్తోంది. ఆవిడ నాకు స్వీట్లు తెచ్చింది.

ఇక్కడ తేడా గమనించారా? ఇదీ రిమోటే, ఇదీ మెడకి కట్టేదే. కానీ బర్రుమనడం శిక్ష కాదు, పిలుపు. దాని పేరులాంటిది.

చికెన్ ముక్క ఎంత ఉండాలో చెప్పలేదు కదూ. శనగ గింజంత. అంతకన్నా పెద్దది వద్దు. మూడు కిలోల కుక్కకి రోజు మొత్తానికి కావలసింది రెండొందల చిల్లర కేలరీలు. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టింది పెట్టి, ఆ మేరకి రాత్రి తిండి తగ్గించండి. లేకపోతే రెండు నెలల్లో బంతిలా తయారవుతుంది, అప్పుడు గాలిగొట్టానికి ఇంకో కష్టం.

అడగండి, వెనక ఎవరో చెయ్యెత్తారు. "మామూలుగా వినబడే కుక్కకి కూడా వైబ్రేషన్ అయితే పరవాలేదు కదా?" అంటున్నారు. అన్నిటికీ పరవాలేదని చెప్పలేనండీ. చిన్న కుక్కల్లో కొన్నింటికి షాక్ కన్నా వైబ్రేషన్ అంటేనే హడల్. ఆలోచించండి, మోటారు తిరిగే డబ్బా చెవికి నాలుగు వేళ్ల దూరంలో ఉంది. మీ ఫోన్ వైబ్రేషన్లో పెట్టి కణతకి ఆనించుకోండి. బూరెలికి చేసినట్టు మెల్లగా అలవాటు చేస్తే చెయ్యొచ్చు. కానీ వినబడే కుక్కకి మీ గొంతుంది కదా, ఇదెందుకు?

లిఫ్టు చప్పుడుకి మొరిగేదానికేం చెయ్యమంటారు అని అడుగుతున్నారు. లిఫ్టు ఆగిన చప్పుడు మీ ఫోన్లో రికార్డు చేసుకోండి. బాగా తక్కువ సౌండుతో వినిపించండి, మొరగనంత తక్కువ. వినబడగానే శనగ గింజంత చికెన్. నాలుగు రోజులకోసారి సౌండు కొంచెం పెంచండి. తలుపు దగ్గర నుంచి దాని పరుపు లోపలి గదిలోకి మార్చండి, సగం మొరుగుడు దాంతోనే పోతుంది. రోడ్డు మీదకి పరుగెత్తేదానికైతే హార్నెస్, ఐదు మీటర్ల పొడుగు తాడు. అరవై రూపాయల నైలాన్ తాడుకి కొక్కెం కుట్టించుకున్నా చాలు. రోజుకు ఇరవైసార్లు పిలవండి, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టండి. వచ్చాక తిట్టకండి. వచ్చాక స్నానానికి ఎత్తుకెళ్లకండి. పిలిస్తే స్నానం అని తెలిశాక ఏ కుక్కొస్తుంది? మా అబ్బాయీ రాడు.

ఇంకా ప్రశ్నలుంటే తర్వాత విడిగా అడగండి, టైమయిపోయింది. టైలరు టేపు తెచ్చాను, అందరి కుక్కలకీ మెడా, ఛాతీ కొలతలు తీసి రాసిస్తాను, హార్నెస్ కొనేటప్పుడు పనికొస్తాయి. కాలర్లు సంచుల్లో దాచుకున్నవాళ్లు బయటికి తియ్యండి, మెడ చూస్తాను, తిట్టను. ముందు పగ్ వాళ్లు రండి, ఎండెక్కితే వాటికి ఆయాసం. చిట్టీ, నువ్వు ఇంకా బుట్టలోనే ఉన్నావేంటి? అమ్మా, తీసుకోండి, ఆ త్రాసు మీద కాస్త తడి చేసింది, నేను మా ఇంటికి పట్టుకెళ్లాలి.